పేరు ఒకరిది, డబ్బు ఒకరిది, బస మరొకరిది

"మా బావమరిది కొడుకండీ. వాడితో ఇంకో ముగ్గురు ఫ్రెండ్స్. పరీక్ష ఉంది, రెండు రోజులే. డబ్బులు నేనిప్పుడే వేసేస్తాను. కుర్రాళ్లు బుద్ధిమంతులు, మీకే ఇబ్బందీ ఉండదు." విశాఖలో ఎంవీపీ కాలనీలోనో లాసన్స్ బేలోనో రుషికొండ దగ్గరో ఫ్లాటును రోజువారీ అద్దెకిచ్చేవాళ్లకు ఈ తరహా సందేశం కొత్తేమీ కాదు. పంపినాయన దుబాయ్‌లోనో డాలస్‌లోనో, కాకపోతే హైదరాబాద్ కూకట్‌పల్లిలోనో ఉంటాడు. ఆయన ఈ ఇంటి గడప తొక్కడు. తొక్కబోయే నలుగురి పేర్లూ వయసులూ సందేశంలో ఉండవు. డబ్బు మాత్రం రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది.

దీనికి ఎక్కువగా వినిపించే జవాబులు రెండు. ఒకటి, "సారీ అండీ, బ్యాచిలర్స్‌కి ఇవ్వం." రెండోది, "సరే సార్, తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, తీసుకోమనండి." మొదటిది జాగ్రత్తగా కనిపిస్తుంది, రెండోది మర్యాదగా కనిపిస్తుంది. రెండూ దాటవేసిన ప్రశ్న మాత్రం ఒక్కటే: ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో ఏం జరిగినా పూచీ ఎవరిది? డబ్బు కట్టినాయనదా, తాళం తీసుకున్నవాడిదా, తాళం ఇచ్చినవాడిదా? ఈ ప్రశ్న అడగకుండా కాదన్నా తప్పే, అడగకుండా ఔనన్నా తప్పే. పిల్లల నడవడి గురించి, పెళ్లి గురించి, ఊరి గురించి ఆరా తీయడంలో మనకున్న హుషారు పూచీ గురించి ఆరా తీయడంలో లేదు.

ఇంకొకరి మాట మీద కుర్రాడికి బస ఇవ్వడం ఆప్‌లతో పుట్టిన సంగతేమీ కాదు. ఊళ్లో పెద్దమనిషి రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని పట్నంలో ఎవరి అరుగు మీదో దిగిన విద్యార్థులు మన పెద్దల్లో కోకొల్లలు. ఏడు రోజులకు ఏడు ఇళ్లు కుదుర్చుకుని వారాలు చేసుకుని చదువుకున్న తరం ఒకటుంది. చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్లకు పూటకూళ్లిళ్లు ఉండేవి. టంగుటూరి ప్రకాశం తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ ఒంగోలులో అలాంటి పూటకూళ్లిల్లు నడిపే పిల్లలను పెంచింది. ఇక విశాఖకు పొరుగున ఉన్న విజయనగరంలో, 1892లో మొదటిసారి ఆడిన గురజాడ నాటకం కన్యాశుల్కం మొదలయ్యేదే గిరీశం బాకీలతో. సంతలో సరుకులు తెస్తానని పూటకూళ్లమ్మ దగ్గర పుచ్చుకున్న సొమ్మును అతగాడు మధురవాణికి ఖర్చుపెట్టి, వెంకటేశానికి చదువు చెప్పే మిషతో ఊరు దాటేస్తాడు. తెలుగు సాహిత్యంలో బస ఇచ్చి మోసపోయిన మొదటి హోస్టు పూటకూళ్లమ్మే అంటే గురజాడ కోప్పడడనుకుంటాను.

ఉత్తరం పట్టుకుని వచ్చిన కుర్రాడికీ గిరీశానికీ తేడా గుణంలో మాత్రమే వెతకడం అమాయకత్వం. ఉత్తరం రాసినాయన పరువు ఆ కుర్రాడి ప్రవర్తనతో ముడిపడి ఉండేది. ఇక్కడ చెంబు పోయిందంటే కబురు అక్కడి ఊరికి చేరేది. గిరీశం వెనక అలాంటి పూచీదారు ఎవరూ లేరు, ఉన్నదంతా అతని వాగ్ధాటే. అలాగని ఆ ఉత్తరాల కాలాన్ని మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఉత్తరం రాసే పెద్దమనిషి కులంలో ఉన్నవాడికే ఆ వసతి. వారాలు దొరికింది ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకే. ఉత్తరం లేని పిల్లల కోసం తర్వాతి కాలంలో హాస్టళ్లు కట్టాల్సి వచ్చింది.

విశాఖ విషయానికొస్తే, ఈ ఊరు బతికేదే ఒకరి పేరు మీద మరొకరికి బస ఏర్పాటు చేయడం మీద. 1933లో రేవు తెరుచుకున్నప్పటి నుంచీ ఇది ఓడల వాళ్ల ఊరు. ఓడ ఎక్కడానికి వచ్చే డెక్ క్యాడెట్‌కు పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి. అతనికి గది బుక్ చేసేది షిప్పింగ్ ఏజెంటు, బిల్లు కట్టేది ఓడ యజమాని కంపెనీ. ఓడ ఆలస్యమైతే రెండు రోజుల బస నాలుగు రోజులవుతుంది. అయినా హోటల్ వాళ్లు గాబరా పడరు. ఏజెంటు లెటర్‌హెడ్ మీద ఉత్తరం వస్తుంది, అందులో కుర్రాడి పేరు, పాస్‌పోర్టు వివరం, ఓడ పేరు ఉంటాయి. గది అద్దె, భోజనం కంపెనీ ఖాతా. అంతకు మించి ఏం వాడుకున్నా, ఏం పగలగొట్టినా కుర్రాడి జేబు. ఇంత స్పష్టంగా గీత గీసి ఉండటం వల్ల మూడో మనిషి చేసే బుకింగ్ అక్కడ తగాదా కావడం అరుదు.

ఉక్కునగరం సంగతీ చూడండి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన కర్మాగారం, 1992లో పీవీ నరసింహారావు జాతికి అంకితం చేసిన కర్మాగారం. దాని చుట్టూ కట్టిన టౌన్‌షిప్‌లో ఇంటికి చుట్టాలు ఎక్కువైతే గెస్ట్‌హౌస్ అడగడం ఉద్యోగులకు అలవాటు. ఇలాంటి ప్రభుత్వరంగ గెస్ట్‌హౌసుల్లో ఉండేది మేనల్లుడైనా, దరఖాస్తు మీద ఉండేది ఉద్యోగి పేరూ నంబరూ. మేనల్లుడు మంచం విరగ్గొడితే అడగాల్సిన మనిషి ఎవరో గెస్ట్‌హౌస్ గుమాస్తాకు తెలుసు. మేనల్లుడికీ తెలుసు. ఆ తెలివిడే సగం కాపలా.

వీటికి తోడు కింగ్ జార్జ్ ఆస్పత్రికి శ్రీకాకుళం నుంచి, మన్యం నుంచి, కొరాపుట్ నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే రోగుల వెంట వయసు పిల్లలే సహాయకులుగా వస్తారు. ఆంధ్రా యూనివర్సిటీ, గీతం, గంభీరంలో ఐఐఎం, సబ్బవరంలో న్యాయ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు కాబట్టి అడ్మిషన్ల రోజుల్లో, ఫెస్టుల రోజుల్లో తాకిడి సరేసరి. మధురవాడ స్టేడియంలో మ్యాచ్ ఉందంటే ఆ చుట్టుపక్కల ఫ్లాట్లకు గిరాకీ వేరే చెప్పాలా. 2025 అక్టోబర్‌లో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించాక, ఇంటర్న్‌షిప్పుల కోసం, ఇంటర్వ్యూల కోసం దిగే ఇరవై ఏళ్లవాళ్లు ఇకముందు తగ్గుతారని ఎవరూ అనుకోరు. వీళ్లలో చాలామందికి సొంత క్రెడిట్ కార్డు ఉండదు. డబ్బు ఇంట్లోవాళ్లు కడతారు. అందులో మోసమేమీ లేదు, మన సంసారాలు నడిచే తీరే అది.

బుకింగ్ వేదికల నిబంధనలు రాసినవాళ్లకు ఈ తీరు తట్టినట్టు లేదు. ఎయిర్‌బీఎన్‌బీ నియమం ప్రకారం సొంత ప్రయాణాలకు బుక్ చేసే మనిషే ఆ ఇంట్లో ఉండాలి, మరొకరి కోసం చేసిపెట్టకూడదు. పద్దెనిమిది నిండనివాళ్లు పెద్దవాళ్లు తోడు లేకుండా ఉండకూడదు. ఆ కఠినత్వం వెనక కారణాలు లేకపోలేదు. 2019 అక్టోబర్ 31 రాత్రి కాలిఫోర్నియాలోని ఒరిండాలో అద్దె ఇంట్లో హాలోవీన్ పార్టీ జరుగుతుండగా కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. కార్చిచ్చు పొగ నుంచి తప్పించుకోవడానికి ఇంటివాళ్లకు చోటు కావాలని చెప్పి ఆ ఇల్లు తీసుకున్నారు. తర్వాత 2020లో అమెరికాలో పాతికేళ్లలోపు వాళ్లకు, మంచి రివ్యూలు మూడైనా లేకపోతే, తమ ఊరి చుట్టుపక్కల మొత్తం ఇంటిని బుక్ చేసే వీలు లేకుండా చేశారు. అదే ఏడాది ఆగస్టులో ప్రపంచమంతటా పార్టీలను నిషేధించారు, 2022 జూన్‌లో దాన్ని శాశ్వతం చేశారు.

ఒరిండా భయం ఒరిండాకు తగినదే. అదే నిబంధన విశాఖకు వచ్చేసరికి ఏమవుతోంది? మేనమామ తన ఖాతాతో బుక్ చేస్తాడు. ఆప్‌లో మేనమామ ఫొటో, తలుపు దగ్గర మేనల్లుడి ముఖం. హోస్టుకు తెలుసు. తెలిసినట్టు ఆప్‌లో రాస్తే బుకింగ్ రద్దవుతుందని భయం, రాయకపోతే రేపు సోఫా కాలితే నష్టపరిహారం అడిగేటప్పుడు నిబంధన అడ్డొస్తుందని భయం. అందుకని సంభాషణంతా ఆప్ వదిలి వాట్సాప్‌లోకి జారుకుంటుంది. మర్యాదస్తులంతా తలో చిన్న అబద్ధం ఆడితే తప్ప అమలు కాని నియమం దొంగను పట్టుకోలేదు. దొంగకు అబద్ధం ఆడటం మనకంటే బాగా వచ్చు. బుకింగ్ డాట్ కామ్ లాంటివి ఈ విషయంలో కాస్త నయం, 'వేరొకరి కోసం బుక్ చేస్తున్నాను' అని చెప్పే చోటు అక్కడ ఉంది. చోటు ఇచ్చినంత మాత్రాన పూచీ తేలిపోదు, కనీసం నిజం చెప్పే వీలు దొరుకుతుంది.

చట్టం దృష్టిలో ఈ ముగ్గురి లెక్క ఏమిటి? 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందం చేసుకోవడానికి యుక్తవయసు రావాలి. 1875 నాటి చట్టం ఆ వయసును పద్దెనిమిదిగా పెట్టింది. మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లనిదేనని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది, ఇప్పటికీ అదే దారి. కాబట్టి పదిహేడేళ్ల కుర్రాడి చేత 'సామాన్లు పాడైతే నాదే బాధ్యత' అని సంతకం పెట్టించుకునే హోస్టు తన కాగితం వృథా చేసుకుంటున్నట్టే. దుబాయ్‌లో ఉన్న మామయ్య డబ్బు కట్టి, అద్దె మాట్లాడుకుంటే ఒప్పందం ఆయనతోనే. ఉండబోయేది తాను కాదని, నష్టం వస్తే తాను భరిస్తానని ఆయన రాతపూర్వకంగా, వాట్సాప్‌లోనైనా సరే, చెప్పడం చాలా విలువైన సంగతి. హోస్టులు అడగరు. మొహమాటం. పెద్దమనిషిని అలా ఎలా అడుగుతాం అనుకుంటారు. వేలల్లో అద్దె అడగడానికి లేని మొహమాటం ఒక్క వాక్యం అడగడానికి ఎందుకో అర్థం కాదు.

డబ్బుకు సంబంధించిన పూచీని డబ్బు కట్టినాయనకు అప్పగించవచ్చు. నేరానికి సంబంధించినది అలా బదిలీ కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 25వ సెక్షన్ కింద, తన ఇంటిని ఆ నేరాలకు వాడుకోవడానికి తెలిసి అనుమతించిన యజమాని గానీ, ఆ ఇల్లు తన అధీనంలో ఉన్నవాడు గానీ నేరస్థుడే. అక్కడ కీలకమంతా 'తెలిసి' అన్న మాటలోనే ఉంది. గంజాయి మాట విశాఖలో తేలిగ్గా తీసుకునేది కాదు. పాడేరు, చింతపల్లి వైపు నుంచి మైదానానికి దిగే సరుకుకు ఈ ఊరు దారి. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకే చోట తగలబెట్టారంటే ఆ ప్రవాహం ఎంతటిదో ఊహించుకోవచ్చు. వారాంతానికి బయటి రాష్ట్రాల నుంచి వచ్చే నలుగురు కుర్రాళ్లలో అత్యధికులు వంజంగి కొండ మీది మేఘాలు చూడటానికే వస్తారు. ఒకరిద్దరు వేరే పని మీద వస్తారు. ఎవరు వచ్చారో, ఎందరు వచ్చారో రాసుకోని హోస్టు 'నాకు తెలియదు' అంటే అది నిర్దోషి మాటో, కళ్లు మూసుకున్నవాడి మాటో విడదీయడం దర్యాప్తు చేసేవాళ్లకు కష్టం. తెలుసుకోవడానికి ప్రయత్నించినట్టు ఆధారం ఉన్నవాడికి ఆ మాట రక్ష.

పిల్లల విషయంలో చట్టం మరింత సూటిగా ఉంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని, లేదా జరగబోతోందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష ఉంది. 20వ సెక్షనైతే హోటళ్లు, లాడ్జీల సిబ్బందిని పేరు పెట్టి మరీ ప్రస్తావించింది, పిల్లలను లైంగికంగా వాడుకున్న సామగ్రి కంటపడితే సమాచారం ఇవ్వాలని. 'అంకుల్' బుక్ చేసిన గదికి ఒక్కతే వచ్చిన పదహారేళ్ల అమ్మాయిని చూసి, డబ్బు వచ్చింది కదా అని తాళం ఇచ్చేసే వాచ్‌మన్‌కు ఈ సంగతి ఎవరు చెప్పారు? చాలా ఫ్లాట్లలో హోస్టంటే ఆయనే. యజమాని ఎక్కడో ఉంటాడు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం ఆరు గదులకు మించని ఇంట్లో, యజమాని కూడా అక్కడే కాపురం ఉంటాడన్న భావన మీద నిలబడింది. యజమాని కాపురం ఉన్న ఇంట్లో సగం సమస్యలు రావు. పక్క గదిలో మామ్మగారు దగ్గుతుంటే పార్టీ ఎవరు చేసుకుంటారు? మన అసలు చిక్కు, మనిషి లేని ఇళ్లతో.

ఇంత చెప్పాక, 'అందుకే కదా బ్యాచిలర్స్‌కి ఇవ్వం అనేది' అని ఎవరైనా అనవచ్చు. అక్కడే నాకు అభ్యంతరం. ఆ వడపోతకు నేరం చిక్కదు, అవసరం చిక్కుతుంది. 2025 జనవరిలో ఓయో సంస్థ మీరట్‌లో కొత్త నియమం తెచ్చింది, జంటగా వచ్చేవాళ్లు తమ సంబంధానికి రుజువు చూపాలని, పెళ్లికాని జంటలను కాదనే వీలు హోటళ్లకు ఉంటుందని. దానికి ఐదేళ్ల ముందే, 2019 డిసెంబర్‌లో, కోయంబత్తూరులో ఇలాంటి కారణాలతోనే సీల్ వేసిన ఒక సర్వీస్ అపార్ట్‌మెంటు కేసులో మద్రాసు హైకోర్టు ఇద్దరు అవివాహితులు గదిలో ఉండటాన్ని నేరంగా చెప్పే చట్టమేదీ లేదని స్పష్టం చేసి, సీల్ తీయించింది. ఆ కేసు హోటల్‌ది కాదు, రోజువారీ అద్దె ఫ్లాట్లది అన్నది మన హోస్టులు గమనించాలి. ప్రైవేటు యజమానికి తన ఇల్లు ఎవరికివ్వాలో ఎంచుకునే స్వేచ్ఛ చాలావరకు ఉంది, ఒప్పుకుంటాను. ఉన్న స్వేచ్ఛను తెలివిగా వాడుతున్నామా అన్నదే ప్రశ్న. పెళ్లి సర్టిఫికెట్ చూపించిన దంపతుల సంచిలో గంజాయి ఉండదని ఏ దేవుడూ హామీ ఇవ్వలేదు.

'లోకల్ ఐడీకి ఇవ్వం' అనేది ఇంకో అలవాటు. గాజువాక చిరునామాతో ఆధార్ ఉన్న అమ్మాయి, ఇంట్లో అయినవాళ్లతో గొడవై, రాత్రి పదింటికి గది అడిగితే మన వ్యవస్థ ఆమెను రోడ్డు మీదికి తోస్తుంది. ఊరివాళ్లకు ఊళ్లో గదితో ఏం పని అన్న అనుమానం ఒక్కోసారి నిజమే కావచ్చు. ఆ ఒక్కసారి కోసం మిగతావాళ్లందరి ముఖం మీద తలుపు వేస్తున్నాం. ఇంకా దారుణం, ముగ్గురు ఆడపిల్లలు కలిసి వస్తే 'ఇంట్లో తెలుసా' అని అడిగి, తండ్రితో ఫోన్లో మాట్లాడించమని పట్టుబట్టడం. ఇరవై రెండేళ్ల ఇంజినీరుకు తండ్రి అనుమతి అక్కర్లేదు. అదే హోస్టు మగపిల్లలను ఆ ప్రశ్న అడగడు. అడగాల్సిన ప్రశ్న అమ్మాయిలకైనా అబ్బాయిలకైనా ఒకటే: అర్ధరాత్రి మీకేమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి?

ఈ ప్రశ్న విశాఖలో లాంఛనం కాదు. ఆర్కే బీచ్‌లోనూ రుషికొండలోనూ యారాడలోనూ స్నానానికి దిగి అలల్లో కొట్టుకుపోయిన విద్యార్థుల వార్తలు చదవని ఏడాది లేదు. సముద్రం ఎరగని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు. అలాంటి రోజున పోలీసులు బస చేసిన ఇంటికి వస్తారు. రిజిస్టర్‌లో డాలస్ మామయ్య పేరు తప్ప ఏమీ ఉండదు. అక్కడ అర్ధరాత్రి, ఆయన ఫోను ఎత్తడు. శవాగారంలో ఉన్న కుర్రాడి తల్లి ఏ ఊళ్లో ఉందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను పేర్లు రాసుకోమని పట్టుబట్టేది పోలీసు భయంతో మాత్రమే కాదు.

పోలీసుల సంగతి వచ్చింది కాబట్టి. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరిది. 2019 డిసెంబర్‌లో నౌకాదళ సిబ్బందిని గూఢచర్యం ఆరోపణల మీద అరెస్టు చేసిన ఉదంతానికి పెట్టిన పేరే ఈ ఊరి కొండ పేరు, ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్. ఇక్కడ ఎవరు ఎక్కడ దిగారో ప్రభుత్వం తెలుసుకోవాలనుకోవడం సహజం. విదేశీ పాస్‌పోర్టుతో ఎవరు దిగినా ఇరవై నాలుగు గంటల్లో ఆన్‌లైన్‌లో తెలియజేయాలి, హోటల్ వాళ్లు ఇన్నాళ్లుగా 'ఫారం సీ' అంటున్నది అదే. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టమూ బస ఇచ్చేవాళ్ల మీద ఆ బాధ్యతను ఉంచింది. న్యూజెర్సీ బాబాయి 'మా పిల్లలే, మనవాళ్లే' అని బుక్ చేస్తాడు. పిల్లలు తెలుగు బాగానే మాట్లాడతారు, ఆవకాయ అడిగి వేయించుకుంటారు. పాస్‌పోర్టు మాత్రం అమెరికాది. చాలామంది ఫ్లాట్ల యజమానులకు ఇది తట్టదు, తట్టేసరికి ఇరవై నాలుగు గంటలు దాటిపోతాయి.

గుర్తింపు అడగడం ఒక ఎత్తు, కాగితాలు పోగేయడం మరో ఎత్తు. ఆధార్ జిరాక్సులు ఇష్టారాజ్యంగా ఇవ్వొద్దని, లైసెన్సు లేని హోటళ్లూ సినిమా హాళ్లూ వాటిని తీసుకోవడానికి, దాచుకోవడానికి వీల్లేదని 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన చేసింది. రెండు రోజుల్లో కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ప్రకటన వెనక్కి పోయింది గానీ అందులోని భయం అబద్ధం కాదు. రోజువారీ ఫ్లాట్లలో జరుగుతున్నది ఇదీ: మూడో మనిషి నలుగురు అమ్మాయిల ఆధార్ ఫొటోలు వాట్సాప్‌లో యజమానికి పంపుతాడు, యజమాని మేనేజర్‌కు, మేనేజర్ వాచ్‌మన్‌కు. చెకిన్ అయ్యేసరికి ఆ ఆడపిల్లల ఫొటోలు, ఇంటి చిరునామాలు వాళ్లెన్నడూ చూడని నలుగురి ఫోన్లలో ఉంటాయి. వాళ్లు వెళ్లిపోయాక కూడా ఉంటాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబర్‌లో నిబంధనలు వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. అందులో పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఈలోగా చేయగలిగినది చిన్నదే. చివరి నాలుగంకెలు తప్ప కనబడని మాస్క్‌డ్ ఆధార్ తీసుకోవడం, అదీ ఉండబోయేవాళ్ల దగ్గరే నేరుగా తీసుకోవడం, చూసి రిజిస్టర్‌లో పేరు, వయసు, ఊరు రాసుకుని ఫొటోను ఫోనులోంచి తీసేయడం.

ఇంతకీ ఆ సందేశం వచ్చినప్పుడు హోస్టు ఏమనాలి? షిప్పింగ్ ఏజెంటు ఉత్తరమే నమూనా. డబ్బు మీరు కట్టండి బాబూ, సంతోషం, కాని బుకింగ్ ఉండబోయేవాళ్లలో పద్దెనిమిది దాటిన ఒకరి పేరు మీద ఉంటుంది, ఆ కుర్రాడితో నేను ఒకసారి మాట్లాడతాను. ఈ ఒక్క ఫోన్ కాల్ చేసే మేలు చాలా పెద్దది. మామయ్య చెప్పిన 'పరీక్ష' నిజంగా పరీక్షేనా, 'నలుగురు' నలుగురేనా అన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుంది. కుర్రాడికీ తాను ఎవరి ఇంటికి వెళుతున్నాడో తెలుస్తుంది. గొంతు విన్న మనిషి ఇంట్లో సిగరెట్ పీకలు పారేయడానికి మనసు రాదు. ఇంటి నియమాలు మామయ్యకు పంపి లాభం లేదు, ఆయన 'ఓకే' అని బొటనవేలు చూపించి మర్చిపోతాడు. అవి ఉండబోయేవాళ్లకు చేరాలి. ఎందరు వస్తారో ముందే చెప్పాలి, ఐదో మనిషి దిగితే అదనంగా ఎంతో ముందే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో మద్యానికి వయసు ఇరవై ఒకటి అన్నది కూడా చెప్పేస్తే పోయేదేమీ లేదు, పంతొమ్మిదేళ్లవాళ్లు వస్తున్నప్పుడు మరీ.

డిపాజిట్ ఎవరి దగ్గర తీసుకోవాలన్నది చిన్న విషయంలా ఉంటుంది గానీ, నా ఓటు పిల్లలకే. అద్దె మామయ్య కట్టినా, రెండు వేల డిపాజిట్ కుర్రాడి ఫోన్‌పే నుంచి రావాలి, తిరిగి అతనికే వెళ్లాలి. తన రెండు వేలు తనకు తిరిగి వస్తాయన్న ఆశ ఉన్న కుర్రాడు గ్యాస్ కట్టేసి, ఏసీ ఆపి, తాళం చేతికిచ్చి వెళతాడు.

అపార్ట్‌మెంటు అసోసియేషన్ల గొడవ ఒకటి ఎప్పుడూ ఉండేదే. లిఫ్టులో కొత్త ముఖాలు కనిపిస్తే సెక్రటరీ గారి రక్తపోటు పెరుగుతుంది. ఆయన ఆందోళనలో కొంత న్యాయముంది, మిగతాది కాలక్షేపం. వచ్చినవాళ్ల పేర్లు వాచ్‌మన్ రిజిస్టర్‌లో ఉంటే ఆయన నోరు చాలావరకు మూతపడుతుంది.

పోలీసు కమిషనరేట్ నుంచి కావలసింది తనిఖీల కంటే స్పష్టత. అద్దెకున్నవాళ్ల వివరాలివ్వాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద ఉత్తర్వులు ఇవ్వడం దేశంలోని నగరాల్లో మామూలే. ఆ ఉత్తర్వులు నెలవారీ అద్దె ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఒక రాత్రి బసకు ఏం రాసుకోవాలి, ఎన్నాళ్లు ఉంచాలి, బుక్ చేసినవాడు వేరు, ఉండేవాడు వేరు అయినప్పుడు ఎవరి వివరం కావాలి అన్నవి ఒక పేజీలో, తెలుగులో రాసి ఇస్తే సగం మంది హోస్టులు సంతోషంగా పాటిస్తారు. అందులో పెళ్లి మాట, వరసల మాట ఉండకూడదు. వేదికలూ అంతే. బుక్ చేసినవారు, డబ్బు కట్టినవారు, ఉండేవారిలో పెద్ద అని మూడు గడులు పెట్టి, ఆ పెద్ద ఫోనుకు వచ్చే ఓటీపీతో ఒప్పుకోలు తీసుకోవడం సాంకేతికంగా బ్రహ్మవిద్యేమీ కాదు. మేం మధ్యవర్తులమే, 2000 నాటి ఐటీ చట్టం 79వ సెక్షన్ మాకు రక్షణ అని చెప్పుకునే సంస్థలు, మధ్యవర్తిత్వం చేసేది ఎవరెవరి మధ్యో తెలుసుకోవాలి కదా.

ఇవన్నీ పద్దెనిమిది దాటినవాళ్ల సంగతులు. పదిహేడేళ్లవాళ్ల దగ్గర నా వాదన ఆగిపోతుంది. నీట్ రాయడానికి ఆ ఏడాది చివరికి పదిహేడు నిండితే చాలు. జేఈఈ మెయిన్ మొదటి షిఫ్టు ఉదయం తొమ్మిదింటికి మొదలవుతుంది, అంతకు ముందే గేటు మూస్తారు. పార్వతీపురం అవతలి ఊరి పిల్లకు విశాఖలో కేంద్రం పడితే ముందు రాత్రే దిగాలి. తండ్రి వలస కూలీగా చెన్నైలో ఉంటాడు, తల్లి చంటిపిల్లను వదిలి రాలేదు, ఫీజు కట్టిన మేనమామ హైదరాబాద్ నుంచి గదికి డబ్బు పంపుతానంటాడు. ఏ హోస్టునైనా ఆమెను ఒంటరిగా ఉంచుకోమని నేను చెప్పలేను. వేదికల నియమం వద్దంటుంది, జాగ్రత్త తెలిసిన ఏ మనిషైనా వద్దంటాడు. ఆ పిల్లకు బస చూపించడం ప్రైవేటు ఇళ్ల పనే కాదు. ఈ నగరంలో సాంఘిక, గిరిజన సంక్షేమ శాఖల బాలికల హాస్టళ్లున్నాయి, వార్డెన్లున్నారు, వంటవాళ్లున్నారు. పరీక్షల తేదీలు నెలల ముందే తెలుస్తాయి. హాల్‌టికెట్ చూపించిన అమ్మాయికి ఆ రెండు రాత్రులు మంచం, భోజనం, పొద్దున్నే కేంద్రానికి బస్సు ఏర్పాటు చేయమని కలెక్టర్ ఒక ఉత్తర్వు ఇస్తే అయ్యే ఖర్చు, ఏ ఉత్సవంలోనైనా ఫ్లెక్సీలకయ్యే ఖర్చులో ఎన్నో వంతు?